వస్తాండాడు

మా శిల్పం అన్న పోయాడన్న కబురు సోమవారం పొద్దున ఆరింటికే ఫోనుకు వచ్చింది. నేను చూసింది మధ్యాహ్నం రెండు దాటాక. మా వ్యాపారుల గ్రూపు మోత భరించలేక దానికి శబ్దం రాకుండా పెట్టుకున్న ఘనుణ్ని నేను. కారు తీసుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. వాకిలి కడిగేసి ఉంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఒక్క బుధవారమూ వేళకు వెళ్లనివాణ్ని, ఆఖరికి అక్కడికీ వేళకు వెళ్లలేదు.

బుధవారం సంగతి చెప్పాలి. నంద్యాలలో ఒక హోటలు మేడ మీద ప్రతి బుధవారం పొద్దున ఏడింటికి మేం పాతికమందిమి కలుస్తాం. ఒక్కో వ్యాపారానికి ఒక్కరే సభ్యుడు. ఒక్కొక్కరు లేచి తనకేం కావాలో ఒక్క నిమిషంలో చెప్పుకోవాలి. విన్నవాళ్లు తమకు తెలిసిన గిరాకీనో మనిషినో చూపిస్తారు. తర్వాత టిఫినుకు ఉగ్గాని, బజ్జీ. వరసగా మూడు వారాలు రాకపోతే కుర్చీ అదే వ్యాపారం చేసే ఇంకొకరికి పోతుంది. రానివాడి బదులు ఇంకో సభ్యుడు లేచి మాట్లాడితే గైరుహాజరు పడదు గానీ, మాట్లాడినవాడు తన నిమిషం వదులుకోవాలి.

నాది ఇళ్లలో నేలకు పరిచే బేతంచెర్ల బండల దుకాణం. ఆయనది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పని, అందుకే మా అందరికీ శిల్పం అన్న. నన్ను ఆ గ్రూపులో చేర్పించింది ఆయనే.

దుకాణం నుంచి హోటలుకు నాకు పది నిమిషాల నడక. ఆయన మొదటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి వచ్చేవాడు. ఎంత స్నానం చేసినా కనుబొమల్లో రాతిపొడి పోయేది కాదు. రెండో వరసలో కూర్చుని, బస్సులో సీటు పట్టినట్టు పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచేవాడు. ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మనిషి ఉండాడు. వస్తాండాడు," అనేవాడు. ఆ మనిషి నేనే. వచ్చినా ఉగ్గాని వేళకు వచ్చేవాణ్ని. చాలాసార్లు అదీ లేదు, "లోడు వచ్చింది" అని దుప్పట్లోంచే మెసేజి పెట్టి అటు తిరిగి పడుకునేవాణ్ని.

"ఏందప్పా, నీ లారీకి బుధవారం తప్ప వేరే దినమే దొరకదా? ఏడు గంటలంటే ఏడు గంటలకే వస్తాంది. నీకంటే అదే నయం," అని ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. సిగ్గు పడాల్సిన చోట నవ్వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఒకసారి ఆయన షెడ్డుకు వెళ్లినప్పుడు, ఇంత పొద్దున్నే లేచి చప్పట్లు కొడితే వ్యాపారం వస్తుందా అన్నా అని అడిగేశాను. చేతిలో ఉలి ఆపకుండానే చెప్పాడు: "ఒకే దినం నూరు దెబ్బలు కొడితే రాయి పగులుతాదప్పా. దినామూ వచ్చి పది కొట్టు, ముఖం తేలుతాది. గిరాకీ తర్వాత. ముందు మనిషివి కనపడు." అప్పుడది నాకు పెద్దవాళ్లు చెప్పే నీతిలాగే వినిపించింది.

ఆయన పోవడానికి ముందటి బుధవారం కూడా నేను వెళ్లలేదు. అది వరసగా మూడోది. ఇంకో బండల వ్యాపారి అప్పటికే అతిథిగా వచ్చి నా కుర్చీ వైపే చూస్తూ ఉన్నాడట. ఆ రోజు జరిగింది మా కార్యదర్శి, ప్రెస్సు నడిపే ఆయన, తర్వాత చెప్పాడు. శిల్పం అన్న వంతు వచ్చింది. జేబులోంచి కాగితం తీశాడు. పక్కన తువ్వాలు పరిచిన కుర్చీ వైపు చూశాడు. కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకుని, "నా తమ్ముడు రాలేకపోయినాడు. వాని బదులు నేను చెప్తాండా," అని నిమిషమంతా నా బండల గురించే చెప్పి కూర్చున్నాడు. నా కుర్చీ నిలిచింది.

ఆ కాగితం పదకొండో రోజున వదిన తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకేమన్నా పనికొచ్చేదేమో చూడప్పా. అంగీ ఉతకబోతే దొరికింది," అంది. పెన్సిలుతో నాలుగు ముక్కలు: శుక్రవారం కర్నూలుకు కార్లో పోయేవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. గుండె డాక్టరుకు చూపించుకోవాల. అంతదూరం బస్సు వద్దన్నారు. పక్కన కొంచెం చోటుంటే చాలు.

నేను ప్రతి శుక్రవారం కర్నూలుకు కారులో వెళ్తాను. ఒక్కణ్నే. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది? నేను చెప్పుకోవాల్సింది ఆ కుర్చీలో కూర్చునే కదా. ఆయన తనకు కావాలని రాసుకున్నదీ, నా దగ్గర ఊరికే పడి ఉన్నదీ పక్కపక్క కుర్చీల్లో కలవాల్సినవి. ఆ శుక్రవారం ఆయన, వచ్చే వారం చూద్దాంలే అని ఇంట్లోనే ఉండిపోయాడట. నేను పక్క సీట్లో బండల నమూనాల సంచి పెట్టుకుని, పాటలు వింటూ కర్నూలు పోయి వచ్చాను.

ఆ రోజు చూపించుకుని ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. వదిన ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. నేను మాత్రం రోజూ అనుకుంటున్నాను. తిట్టడానికైనా ఆయన లేడు.

మొన్న బుధవారం ఆరున్నరకే వెళ్లాను. హాల్లో ఇంకా ఫ్యాన్లు కూడా వేయలేదు. రెండో వరసలో నా కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీ మీద నా తువ్వాలు పరిచాను. మెల్లగా అందరూ వచ్చారు. కొత్తగా వచ్చిన ఒకాయన ఆ కుర్చీ మీద చెయ్యి వేసి, "ఈడ ఎవరన్నా ఉండారా అన్నా?" అని అడిగాడు.

"ఉండాడు," అన్నాను. "వస్తాండాడు."

ఆ కొత్తాయన సరేనని వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నాడు.