మిట్టెక్కని మేస్త్రీ కారు

కార్బురేటర్ మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఉంటే ఆయనే వెళ్లి చెప్పి వచ్చేవాడు. బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఒక చెవి ఇంజన్ వైపు వంచి, స్క్రూడ్రైవర్‌తో ఒక మరను అర చుట్టు తిప్పి, "ఇప్పుడు విను, ఎలా పాడుతోందో!" అనేవాడు. బండిగలవాడికి ఏమీ తేడా వినిపించకపోయినా తల ఊపాల్సిందే. ఊపకపోతే ఇంకో అర చుట్టు తిప్పి, వాడు ఊపేదాకా తాళం చేతికిచ్చేవాడు కాదు.

కాలం మారింది. పెట్రోల్లో గాలి కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటరే కొత్త కార్లలో లేకుండా పోయింది. పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటర్ చూసుకుంటోంది. షెడ్డుకు వచ్చే బళ్లు పలచబడ్డాయి. దానికి మేస్త్రీ దిగులుపడ్డాడా? అబ్బే! "అవి కార్లు కావు, రేడియోలు" అని ఒక్క మాటలో కొట్టిపారేశాడు. కొత్త కార్ల వర్క్‌షాపులో పనిచేసే సొంత బావమరిదికి 'రేడియో డాక్టర్' అని పేరు పెట్టి, నలుగురిలో అలాగే పిలిచేవాడు. ఆ బావమరిది లావుపాటి మనిషి, మంచివాడు, దేనికీ కోపం తెచ్చుకోడు. కోపం తెచ్చుకుంటే ఆకలేస్తుందని భయం కాబోలు.

మేస్త్రీకీ ఒక కారుంది. పెళ్లయిన కొత్తలో కొన్నాడు. ఆనాటి నుంచి దాని స్టీరింగ్ మీద పరాయి చెయ్యి పడనివ్వలేదు. భార్యను రోజూ అందులోనే బడికి దింపేవాడు. ఆమె మిట్ట మీది ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ. దింపడమంటే బడి గేటు దాకా అనుకునేరు, కాదు! మిట్ట మొదలయ్యే చోట కారు ఆగుతుంది, టీచరమ్మ దిగిపోతుంది. ఆ కారు ఒక్క మనిషితో అయితే మూలుగుతూ మూలుగుతూ ఎక్కుతుందే గానీ, ఇద్దరితో ససేమిరా ఎక్కదు. అందుకని మేస్త్రీ ఒక్కడే కారులో పైకి వెళ్లి, గేటు ముందు ఆపి, దర్జాగా నిలబడేవాడు. ఆవిడ చెమటలు కక్కుతూ నడిచొచ్చాక చేతిసంచి అందించేవాడు. సంచికి కారు, మనిషికి కాళ్లు! చూసేవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఇందులో నవ్వడానికేముందో ఇన్నేళ్లలో ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు. సంచి బరువు తను మోసిపెడుతున్నాడు కదా, ఇంకేం కావాలి!

పోనీ ఆటో ఎక్కుతానంటే ఎక్కనిచ్చాడా? "మెకానిక్ పెళ్లాం ఆటోలోనా? రేపు నా షెడ్డుకెవడొస్తాడు?" అని గుడ్లురిమేవాడు.

ఆ ఏడు పెద్ద సెలవుల్లో టీచరమ్మ మోకాళ్లు వాచాయి. ఎత్తులు ఎక్కితే ఇక లేవడం కూడా కష్టమవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడ నెమ్మదిగా అంది.

"బడి తెరిచాక నేను వెళ్లనండీ. మానేస్తాను."

మేస్త్రీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. జీతం సంగతి కాదు. ఆవిడ రోజూ సాయంత్రం బడి కబుర్లు మోసుకొచ్చేది. ఒక పిల్ల గుడ్డతోపాటు తన పావడా కూడా కలిపి కుట్టేసుకుని, బల్ల దగ్గర నుంచి లేవలేక కుయ్యోమొర్రోమనడం, ఇంకో పిల్ల వాళ్ల నాన్న చొక్కాకి మూడో చెయ్యి కుట్టడం. అవి చెబుతూ ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేది. ఆయనా పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో ఉన్న సందడంతా అదే. అది లేని సాయంత్రాన్ని తలచుకుంటే ఆయనకు ఇల్లు బావురుమన్నట్టయింది.

"నేను రోజూ దింపుతాలే అక్కా, నా కారు నలుగురితో ఎక్కేస్తుంది" అన్నాడు భోజనానికొచ్చిన బావమరిది.

అనకూడని మాట అనేశాడు. మేస్త్రీ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "నేను బతికుండగా నా పెళ్లాం రేడియోలో వెళ్తుందా? బడి తెరిచే రోజున దీన్ని నా కారులోనే, నా పక్కనే కూర్చోబెట్టుకుని గేటు దాకా తీసుకెళ్తాను. టర్బో పెడతాను, టర్బో!"

టర్బో అంటే మరేం లేదు. ఇంజన్ వదిలే పొగతో ఒక చక్రం తిరుగుతుంది. దానికి జతగా ఉన్న రెండో చక్రం బయటి గాలిని లోపలికి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. ఇనప సామాన్ల కొట్టులో ఏదో డీజిల్ వ్యాన్ నుంచి ఊడదీసిన టర్బో దొరికింది. దాన్ని కార్బురేటర్ మీదికి ఊదేలా రబ్బరు గొట్టంతో కలపడానికి మేస్త్రీ తల ప్రాణం తోకకొచ్చింది. బిగించాక చూస్తే బానెట్ మూతపడలేదు. "ఇంజన్‌కి గాలాడాలి" అని బానెట్‌నే పీకి షెడ్డు గోడకు ఆనించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని, చెవి వంచాడు. ఆహా, ఏం పాడిందని!

మర్నాడు పొద్దున్నే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మిట్టకు బయల్దేరాడు. మంటలు లేస్తాయేమోనని ఆవిడ ఒక బకెట్ ఇసుక తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకుంది. "అంటే నా మీద అంత నమ్మకమన్న మాట!" అని ఆయన మూతి ముడుచుకున్నాడు. మిట్ట మొదట్లో గట్టిగా తొక్కాడు. టర్బో ఈల వేసింది. మేస్త్రీ మీసం మెలేశాడు. మీసం మీద చెయ్యి ఇంకా తీయకముందే ఇంజన్ గుక్కపట్టి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. టీచరమ్మ ఇసుక బకెట్‌ని గట్టిగా కావలించుకుని కళ్లు మూసుకుంది.

షెడ్డుకు తెచ్చి మళ్లీ మరలు తిప్పాడు. మళ్లీ పాడింది. మిట్ట దగ్గర మళ్లీ చచ్చింది. ఇలా షెడ్డులో పాట, మిట్ట మీద దగ్గు. సెలవులన్నీ ఇదే వరస. మిట్ట కింద టీ కొట్టువాడు ఈ తమాషా చూడటానికి వచ్చేవాళ్లకోసం ఇంకో బల్ల కూడా వేయించాడు.

బడి రేపు తెరుస్తారనగా, మేస్త్రీ బావమరిదిని పిలిచాడు. పిలిచాడంటే ఏమిటి, షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే ఊరికే దగ్గాడు. బావమరిదికి అర్థమైంది. ఇంజన్ చుట్టూ ఒక్కసారి తిరిగాడు.

"బావా, కార్బురేటర్ గొంతులోకి గాలి గట్టిగా ఊదుతున్నావ్. మరి దాని పక్కనే పెట్రోలు నిలవుండే గిన్నెకి ఆ గాలి అందుతోందా? అందకపోతే ఆ గాలే పెట్రోల్ని వెనక్కి తోసేస్తుంది. గొంతులోనూ గిన్నెలోనూ ఒకే ఒత్తిడి ఉండాలి."

ముప్పై ఏళ్లుగా కార్బురేటర్లతోనే కాపురం చేసిన మనిషికి ఈ మాట చెప్పాల్సి వచ్చింది! మేస్త్రీ ముఖం మాడిపోయింది. "నేనూ అదే అనుకుంటున్నాలే" అని గొణిగాడు.

"ఇంకోటి బావా. షెడ్డులో నిలబెట్టి వింటే నీకేం తెలుస్తుంది? ఇంజన్ మీద బరువు పడితేనే టర్బో గట్టిగా ఊదేది. కారు మిట్టెక్కుతుంటే పక్కన నిలబడి వినాలి."

"పక్కన నిలబడితే నడిపేదెవడ్రా?"

బావమరిది నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మేస్త్రీ గిన్నెకి ఒక సన్నటి గొట్టం కలిపి, బలమైన పెట్రోలు పంపు బిగించి, చేతులు కడుక్కున్నాడు.

తెల్లవారింది, బడి తెరిచే రోజు. టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కారెక్కింది. మిట్ట కింద ఆగారు. మేస్త్రీ స్టీరింగ్ పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. వింటే గానీ నమ్మకం లేదు, దిగితే గానీ వినలేడు.

"మీరు దిగి వినండి. నేను పోనిస్తాను" అంది టీచరమ్మ.

"నువ్వా? నీకేం వచ్చని!"

"మీరు షెడ్డులో పాటలు వింటున్నన్ని రోజులూ మా తమ్ముడు నేర్పాడండీ. లైసెన్సు కూడా వచ్చింది."

ఇంకో రోజైతే మేస్త్రీ ఊరంతా ఏకం చేసేవాడే. కానీ పైన బడి మొదటి గంట కొడుతోంది. స్టీరింగ్ వదిలి దిగిపోయాడు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, తొక్కింది.

టర్బో ఈల వేసింది. మేస్త్రీ చెవి వంచాడు. ఇంతలో 'ఫట్' మని రబ్బరు గొట్టం ఊడి, ఎగిరొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది. టర్బో గాలంతా బయటికే పోతోంది. ఇక కారు ఆగిపోతుందని ఆయన కెవ్వుమన్నాడు. కారు ఆగలేదు. ఒక్కసారి కుదుపు ఇచ్చి, ఎప్పటిలాగే మూలుగుతూ మూలుగుతూ మిట్టెక్కిపోయింది. ఆ మూలుగు ఆయన చెవికి వేరే చెప్పాలా? టర్బో లేని పాత ఇంజన్ మూలుగే అది.

మేస్త్రీ గొట్టం చేతపట్టుకుని నడక మొదలుపెట్టాడు. సగం దారికే పిక్కలు పట్టేశాయి. ఒక చోట కూలబడ్డాడు, లేచాడు, ఇంకాస్త పైకి వెళ్లి మళ్లీ కూలబడ్డాడు. ఆయాసంతో ఆలోచన కూడా సరిగా సాగడం లేదు. ఇవాళ కారులో లేనిది టర్బో ఒక్కటేనా? తనూ లేడు. తను లేకపోతే ఈ కారు ఆవిణ్ణి ఏ రోజైనా ఎక్కించేదే. ఈ లెక్క తెలియడానికి ఒక డీజిల్ వ్యాన్ టర్బో బిగించాల్సి వచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గేటు ముందు కారు చుట్టూ ఆడపిల్లలు మూగి ఉన్నారు. టీచరమ్మ స్టీరింగ్ వదలకుండా, మొహం చేటంత చేసుకుని కూర్చుంది.

"ఏమండీ! ఎక్కడా ఆగలేదండీ! అందరూ నవ్వుతుంటే నేనూ నమ్మలేదు గానీ, అన్నంత పనీ చేశారు. మీ టర్బోనే టర్బో!"

మేస్త్రీ చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. ఇక నోరు మూసుకుంటే చాలు, పరువు నిలబడుతుంది, రేపట్నుంచి ఊరంతా చెప్పుకోవచ్చు. ఆయన నోరు మూసుకోవడం ఎవరూ ఎరుగరు. ఆ రోజూ మూసుకోలేదు. గొట్టం తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"ఇది కిందే ఊడిపోయిందే. టర్బో లేదు, గిర్బో లేదు. మామూలుగానే ఎక్కింది. ఇన్నేళ్లూ ఎక్కేదే. నేను దిగి నీకు ఇచ్చుంటే..."

టీచరమ్మ గొట్టాన్ని చూసింది. ఆయన్ను చూసింది. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఉన్నాడు.

"మోకాళ్లు నొప్పిగా ఉన్నాయా?" అని అడిగింది.

అడిగి నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది మేస్త్రీకి.

"ఉన్నాయే. చాలా నొప్పిగా ఉన్నాయి" అన్నాడు. స్టీరింగ్ ఆవిడకే వదిలేసి, అటు తిరిగి వెళ్లి పక్క సీటు తలుపు తీసుకున్నాడు.