కొండ పేరున్నవాళ్ళ నాటకం

నరసరావుపేట చుట్టుపక్కల పుట్టిన మగపిల్లల్లో సగం మందికి కోటప్పకొండ మీది స్వామి పేరే ఉంటుంది. పిల్లలు లేనివాళ్ళు కొండకు మొక్కుకుంటారు, పుట్టాక ఆ పేరు పెట్టి మొక్కు తీర్చుకుంటారు. పిల్లలకు కొదవ లేనివాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని ఇంట్లో ఒకడికి ఆ పేరు పెట్టి ఉంచుకుంటారు. నాకూ అదే పేరు. ఇక్కడ రాయను. రాసినా అది ఎవరో ఎవరికీ తెలియదు.

నేను వేషాలు వేసిన కాలంలో, అంటే యుద్ధం రోజుల్లో, మా వైపు పేరు మోసిన ఆటగాళ్ళందరూ ఆ ఒక్క పేరువాళ్ళే. రొంపిచెర్ల నుంచి వచ్చే హార్మోనీ ఆయనకు అదే పేరు. ఆయన పెట్టె ముందు కూర్చుంటున్నాడంటే ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. ఆడవేషాలు వేసే ఆయనకు అదే పేరు. పగలు ధాన్యం కొట్లో కాటా వేసేవాడు. రాణి వేషంలో ఆయన నడిచి వెళ్ళాడంటే మర్నాడు బజార్లో ఆడవాళ్ళు ఆ నడక నడిచేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. హాస్యగాడిదీ అదే, తబలా ఆయనదీ అదే. తెర వెనక ఎవరైనా ఆ పేరు పెట్టి ఒక కేక వేస్తే ఐదుగురం ఒక్కసారే పలికేవాళ్ళం. అందుకని ఎవరూ మమ్మల్ని పేరుతో పిలిచేవాళ్ళు కాదు. హార్మోనీ, ఆడవేషం, హాస్యం, తబలా, అంతే. నన్ను ‘రెండో రాజు’ అనేవాళ్ళు.

ఎందుకంటే మొదటి రాజు ఎప్పుడూ మిషను బళ్ళో పంతులే. క్రైస్తవుడు. వాళ్ళమ్మ పెట్టిన బైబిలు పేరు ఆయనది. పై స్థాయిలో గొంతు నిలబెడితే పందిట్లో చుట్టలు కాల్చేవాళ్ళు చుట్ట చేత్తో పట్టుకొని పీల్చడం మరిచిపోయేవాళ్ళు. నాకంటే చిన్నవాడు. రిహార్సల్లో నేను ఆయన్ను ‘తమ్ముడూ’ అనేవాణ్ణి. వీధిలో నలుగురి ముందు మాత్రం ‘మేష్టారూ’ అనేవాణ్ణి. అది మర్యాదని ఎదుటివాళ్ళు అనుకునేవాళ్ళు. దూరమని ఆయనకు తెలుసు. ఆయన ఎక్కడైనా నన్ను ‘అన్నా’ అనే పిలిచేవాడు.

ఒక ఏడు ఊళ్ళో కిరాణా షావుకారుకు పెళ్ళయిన చాలాకాలానికి కొడుకు పుట్టాడు. కొండ మొక్కే. పుట్టువెంట్రుకలు తీయించిన రోజున ఊరికి ఒక నాటకం ఆడించాలని షావుకారు సంకల్పించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వేషం వేసేవాడి దగ్గర నుంచి తెర లాగేవాడి దాకా అందరూ స్వామి పేరున్నవాళ్ళే ఉండాలని, అదే మొక్కని ప్రకటించాడు. మాకు గర్వంగా అనిపించింది. నాకు మరీనూ. మొదటి రాజుకు ఆ పేరు లేదు, రెండో రాజుకు ఉంది. ప్రతిభలో తీరని లెక్క బారసాలలో ఎప్పుడో తీరిపోయిందన్నమాట.

రిహార్సలు మొదలైన రోజే అందరికీ కంగారు పట్టుకుంది. రాజు స్పృహ తప్పి పడిపోయే ఘట్టంలో ఒక పెద్ద పద్యం ఉంది. నాటకమంతా దానికోసమే జనం కూర్చుంటారు. నేను దాన్ని అందుకున్నాను. హార్మోనీ ఆయన వాయించడం ఆపేసి పెట్టె మీద మోచేతులు పెట్టుకున్నాడు.

“ఏందయ్యా రెండో రాజూ, మూర్ఛ పద్యం చివర గదా వచ్చేది? నువ్వు మొదట్నే మూర్ఛపోయినోడి మాదిరి పాడతన్నావే!”

“గొంతు బాలేదు లే” అన్నాను.

“అది నువ్వు పుట్టిన కాడ్నుంచీ బాలేదు గదా.”

మేష్టారు అలవాటు చొప్పున వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. హాస్యగాడు ఆయన వైపు తిరిగాడు. “మేష్టారూ, ఒక్కరోజుకి మా పేరు పెట్టుకోరాదా? షావుకారొచ్చి అడుగుతాడా, స్వామొచ్చి అడుగుతాడా?”

“మా అమ్మ పెట్టిన పేరది. సాయంత్రానికి విప్పి వంకీకి తగిలించేదానికి చొక్కానా?” అన్నాడు మేష్టారు. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. వెనక తెర చాటున మేష్టారు పాడతాడు, ముందు నేను నోరు కదుపుతాను. మొక్కుకు లోటు లేదు, నాటకానికీ లోటు లేదు. ప్లీడరు గారి గుమాస్తాను కదా, ఇలాంటివి నాకు తడుముకోకుండా తట్టేవి.

మేష్టారు ఒప్పుకోడనుకున్నాను. కానీ ఆ నాటకానికి తెనాలి నుంచి ఒక కాంట్రాక్టరు షావుకారు చుట్టంగా వస్తున్నాడని అప్పటికే తెలిసింది. పెద్ద ఊళ్ళలో ఆటలు కట్టి, పాడగలిగినవాళ్ళను ఎక్కడున్నా ఏరుకుని పోయే మనిషి. ఆ రాత్రి నాతో ఇంటిదాకా నడిచి వస్తూ మేష్టారు అన్నాడు. “ఎక్కాలు చెప్పుకుంటానే పోతానేమో అన్నా. ఒక్క తడవ పెద్ద స్టేజీ మీద నిలబడాలని ఉంది. ఆయన చెవిన పడితే చాలు. కనపడకపోయినా వినపడతా గదా.”

“ఆట అయిపోయినాక నేనే నీ చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి ఆయన ముందర నిలబెడతా. నా మాట నమ్ము” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. నా మాటలు అన్నప్పుడెప్పుడూ నిజాలే.

యుద్ధం వల్ల కిరసనాయిలు రేషను. పెట్రోమాక్సు దీపాలు తెల్లవార్లూ వెలిగించే దారి షావుకారుకు కూడా లేదు. అందుకని మధ్యాహ్నం ఎండ తగ్గగానే మొదలుపెట్టి పొద్దుగూకేలోపు ముగించాలన్నారు. పత్తి గోదాము ముందు తాటాకు పందిరి వేశారు. అది పడమటికి తిరిగి ఉందని ఎవరూ గమనించలేదు. ఎండ తిన్నగా మా మొహాల మీద పడింది. దీపాల వెలుతురులో మొహానికి పచ్చటి అర్దళం పూసుకుంటే దేవతల్లా ఉండేవాళ్ళం. ఎండలో అందరం కామెర్లు వచ్చినవాళ్ళలా ఉన్నాం. రాణి గడ్డం కింద నీలపు నీడ ముందు వరసవాళ్ళకే కాదు, గోడెక్కి కూర్చున్నవాళ్ళకు కూడా కనపడింది.

తెర లాగే పనికి పేరున్నవాడు దొరక్క, చివరికి రొంపిచెర్ల దారిలో ఒక ఎడ్లబండి ఆయన్ను పట్టుకొచ్చారు. పేరు నిక్షేపంగా ఉంది. నాటకం మాత్రం జన్మలో చూసి ఎరగడు. ‘రాజు పడిపోగానే తాడు వదలాల’ అని హాస్యగాడు ఆయనకు చెప్పి, చెప్పించుకున్నాడు.

మూర్ఛ ఘట్టం వచ్చింది. మేష్టారు అడవి బొమ్మ వేసిన వెనక తెర చాటున ఉన్నాడు. షావుకారు అటూ ఇటూ తిరిగే మనిషి కాబట్టి, కంటికి కనపడకూడదని తెరను సందు లేకుండా కుట్టేశాం. ఆయన పాడాడు. నేను నోరు తెరిచాను, మూశాను, చెయ్యి చాచాను. చివరి రాగం సాగదీస్తుండగా గుండె పట్టుకొని పడిపోయాను. మా జనానికి నచ్చితే ఊరుకోరు. “వన్స్ మోర్!” అని పందిరంతా లేచింది.

వన్స్ మోర్ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి దుమ్ము దులుపుకొని మళ్ళీ పాడాల్సిందే. అది ఆచారం. కానీ నాకు తెర పడుతుందన్న ధీమా. తెర పడితే లేచి సర్దుకోవచ్చు. తెర పడలేదు. కన్ను సందులోంచి చూస్తే బండి ఆయన తాడు పట్టుకొని, కళ్ళనీళ్ళు కారుస్తూ నన్నే చూస్తున్నాడు. రాజు కష్టంలో పడి తాడు సంగతి మరిచిపోయాడు.

ఇంతలో వెనక నుంచి మేష్టారు ఎత్తుకున్నాడు. పాపం, ఆయనకు నేను కనపడను. వన్స్ మోర్ వినపడింది, పాడాడు. నేను ఎండలో నోరు మూసుకొని వెల్లకిలా పడి ఉన్నాను. పద్యం మాత్రం నా మీదుగా సాగిపోతోంది.

గోడ మీద నుంచి ఎవడో అరిచాడు. “ఒరేయ్, రాజు మూర్ఛపోయాడు గానీ పద్యానికి తెలివొచ్చిందిరోయ్!”

నవ్వులు. కానీ ఆ నవ్వులు కూడా పద్యం సగంలోకి వచ్చేసరికి ఆగిపోయాయి. ఆ గొంతు అలాంటిది. అయిపోగానే మళ్ళీ వన్స్ మోర్. ఇప్పుడిక నా వైపు చూసేవాడు లేడు, అందరూ తెర మీది అడవి బొమ్మకేసి చూస్తున్నారు. మెడ మీద చీమ కుడుతోంది. నేను చచ్చిపోలేదు, మూర్ఛే కాబట్టి కాస్త కదలవచ్చునేమో అని ఆలోచిస్తూ పడి ఉన్నాను. నేను నటించిన వేషాలన్నిట్లోకి అదొక్కటే బాగా పండిందని తర్వాత హార్మోనీ ఆయన చెప్పాడు.

మేష్టారు ముగించగానే షావుకారు లేచి రెండు చేతులూ ఎత్తాడు. “స్వామే! స్వామే పాడాడు! పేరు పెట్టుకున్నోడు పడిపోతే, పేరుగలోడే దిగొచ్చి పాడాడు! కొట్టండి కొబ్బరికాయ!”

కాయలు కొట్టారు. కొందరు దణ్ణాలు పెట్టారు. కొందరు నవ్వు ఆపుకోడానికి దణ్ణాలు పెట్టారు.

ఆట అవగానే కాంట్రాక్టరు తెర వెనక్కు వచ్చాడు. నోట్లో తాంబూలం, మొహంలో చిరునవ్వు. షావుకారు ఆయన వెంటే ఉన్నాడు. మేష్టారు ఓ మూల దుస్తుల పెట్టె మీద కూర్చొని నా వైపు చూస్తున్నాడు.

“ఏమయ్యా, మీ దేవుడు కాంట్రాక్టుకొస్తాడా? ఆయన పేరేంటి?” అని నన్నే అడిగాడు కాంట్రాక్టరు.

నేను చెయ్యి చాచి మేష్టారిని చూపిస్తే చాలు. పక్కన షావుకారు కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఆయన మొక్కు చెడిందని చెప్పాలి. పాడింది నేను కాదని చెప్పాలి. నిజానికి అది పందిరంతా చూసిందే, అయినా నా నోటితో చెప్పాలి. నేను మా పేరు చెప్పాను. స్వామి పేరు. షావుకారు దణ్ణం పెట్టాడు. కాంట్రాక్టరు ‘ఓహో’ అని వెళ్ళిపోయాడు. మేష్టారు పెట్టె మీద నుంచి లేచి, నా కిరీటం తుడిచి అందులో పెట్టి, మూత వేశాడు.

పోనీ అక్కడితో అయినా ఆగింది కాదు. కొన్నాళ్ళకు కాంట్రాక్టరు మనిషి ఊళ్ళోకి వచ్చాడు, ఆ పేరుగల పాటగాడు కావాలని. బజారు జనం మావాళ్ళను ఒక్కొక్కరినే చూపించారు. హార్మోనీ ఆయన వాయించి చూపించాడు. కాటా ఆయన ఆడగొంతుతో పాడాడు. తబలా ఆయన పాడనని చెప్పి మర్యాద నిలుపుకున్నాడు. చివరికి ఆ మనిషి ప్లీడరు గారి వసారాలోకి వచ్చాడు.

“నువ్వే మిగిలావు. ఏదీ, ఒకటి అందుకో.”

నేను పాడాను. ఇది రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. సంగతంతా తెలిసి కూడా పాడాను. ఏమో, ఈసారి బాగా వస్తుందేమో అనుకున్నాను. ఆయన వింటూనే చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

“ఈ పేరుతో పాడేవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా ఇక్కడ?”

“ఈ పేరుతో ఇంకెవరూ లేరండి” అన్నాను.

ఏ కోర్టులోనైనా నిలబడే మాట. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ప్లీడరు గారి దగ్గర నేర్చిన విద్యంతా ఆ ఒక్క వాక్యంలో ఖర్చు పెట్టాను. మేష్టారు వెళ్ళిపోతే మా నాటకాలకు రాజు ఎవరని ఆలోచించానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ కాదు. నన్ను విని చెప్పులు వెతుక్కున్నవాడు ఆయన్ను విని కూర్చుండిపోతాడని తెలుసు. అది భరించలేకపోయాను.

కొన్ని నెలలు నిద్ర సరిగా పట్టక, చివరికి ఒక సెలవు రోజున తెనాలి వెళ్ళాను. కాంట్రాక్టరు ఆదరంగానే విన్నాడు. “ఆలస్యమైందయ్యా. కృష్ణ అవతలి నుంచి ఒకాయన దొరికాడు. బాగానే పాడతాడు” అంటూ గోడ మీద కొత్త పోస్టరు చూపించాడు. పెద్ద అక్షరాల్లో అతని పేరు. మా పేరే.

నేను తిరిగొచ్చే లోపే ఆ పోస్టరు నరసరావుపేటకూ వచ్చింది. షావుకారు దాన్ని కొట్లో పటాల పక్కన అంటించి, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. “చూశావా, ఆనాడు మన పందిట్లో పాడింది ఈయనే. మన మొక్కుతోనే పైకొచ్చాడు.” మధ్యలో స్వామి ఎప్పుడు మనిషిగా మారాడో ఎవరూ అడగలేదు.

మర్నాడు సాయంత్రం మిషను బడికి వెళ్ళాను. మేష్టారు ప్రహరీ దగ్గరకు వచ్చాడు. తెర వెనక నేను చెప్పిన పేరు, వసారాలో అన్న మాట, తెనాలి, అన్నీ చెప్పాను. పిల్లలకు వినపడకుండా మెల్లిగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“ఆ మనిషి వచ్చి పోయిన రోజే తెలిసిందన్నా. నా బడి ముందర్నుంచే నడిచి పోయాడు. పిల్లకాయల చేత ఎక్కాలు చదివిస్తన్నా. ఆగి రెండు నిమిషాలు విన్నాడు కూడా.”

“మరి పిలవలేదేంది?”

“నువ్వు తీసుకొచ్చి నిలబెడతానన్నావు గదా.”

ఆయనే మళ్ళీ అన్నాడు. “పోనీలే. పాడింది దేవుడే గదా. ఆయనకు యాడైనా పని దొరుకుద్ది.”

మాట మెత్తగానే ఉంది. ఈసారి ‘అన్నా’ మాత్రం లేదు. అది గమనించేసరికి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. పదమూడో ఎక్కం మొదలైంది. ఆ ఎక్కాన్ని కూడా ఆయన శ్రుతిలోనే చెప్పేవాడు. పిల్లలు అదే శ్రుతిలో అందుకునేవాళ్ళు. అయిపోయాక ఎవరూ అడక్కుండానే, బళ్ళో అలవాటు ప్రకారం, మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. ప్రహరీ ఇవతల నిలబడి రెండోసారీ విన్నాను. తర్వాత దీపాలు పెట్టకముందే ఇంటికి వెళ్ళాను.

ఆయన మళ్ళీ మా రిహార్సలుకు రాలేదు. అప్పటి నుంచి నేనే మొదటి రాజును.