డాక్టర్ దీదీ చంకలోని ఇసుక బిడ్డ

డాక్టర్ కమలికా బేరాకి ఒకే ఒక్క చాదస్తం ఉండేది. చంకలో ఇసుక బిడ్డ లేకుండా గుమ్మం దాటేది కాదు. పాత చీర గుడ్డతో కుట్టి, లోపల నది ఇసుక కూరి, జబ్బుతో సోలిపోయిన రెండేళ్ల పిల్లవాడు ఎంత బరువుంటాడో అంతే తూగేట్టు చేసిన బొమ్మ అది. పేరు ఖోకా, అంటే బుజ్జిబాబు. కాళ్లూ చేతులూ ఉన్నాయి, తల ఉంది. ముఖం మాత్రం లేదు.

"కళ్లయినా కుట్టు తల్లీ, వాడు నన్నే చూస్తున్నట్టుంది" అన్నాను ఒకసారి. ఊళ్లో అందరికీ నేను మాస్టారిని, ఆమెకి మాత్రం దాదూని, అంటే తాతని.

"కళ్లు లేకుండా ఎలా చూస్తాడు దాదూ?"

"అదే కదా నా భయం!"

"ఏ ముఖం కుట్టమంటారు? ఏ ఇంటి పోలిక వస్తే ఆ ఇంటివాళ్లు కర్రలు పట్టుకుని వస్తారు" అని ఖోకాని ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకుంది.

ఆమె పిల్లల డాక్టరు, మా దీవికంతటికీ డాక్టర్ దీదీ, అంటే అక్క. కలకత్తాలో చక్కటి ఉద్యోగం వదులుకుని, లోకంలో ఏ బిడ్డకి వైద్యం ఎంత దూరంలో ఉందో కొలిచే పని నెత్తిన వేసుకుంది. ఆ కొలిచే సాధనమే ఖోకా. రోజుకో ఇంటి ముందు వాణ్ణి ఎత్తుకుని, బురద దాటి, పడవెక్కి, మళ్లీ బురద దాటి అవతలి ఒడ్డు ఆసుపత్రి మెట్ల మీద కూలబడేది. ఆఫ్రికాలో ఒక కొండ మీదా, పెరూలో ఒక లోయలోనూ ఆమె స్నేహితులు ఇలాంటి బొమ్మల్నే మోసుకు తిరుగుతున్నారట. ఆఫ్రికా ఖోకాలో మొక్కజొన్నలు కూరారు. పరిశోధన సగంలో ఉండగా మేక తినేసింది.

ఆమెకి కావలసింది ఒక్కటే. పిల్లల డాక్టరుండే పడవ ఒకటి మా రేవులో కట్టాలి. "మ్యాపులో ఆసుపత్రి మీ ఎదురుగానే ఉందిగా, పడవెందుకు?" అంటారు పైవాళ్లు. మ్యాపులో బురద ఉండదు.

కలకత్తా సమావేశంలో ఒక పెద్దాయన "వైద్యం అందరికీ అందుబాటులోనే ఉంది" అని మొదలుపెట్టగానే దీదీ లేచి వెళ్లి ఖోకాని ఆయన చేతుల్లో పెట్టిందట.

"మాట్లాడండి సార్. కాస్త వీణ్ణి ఎత్తుకుని మాట్లాడండి."

ఆయన కుడి భుజం మీద వేసుకున్నాడు. ఎడమ భుజానికి మార్చాడు. నడుం పట్టుకున్నాడు. బల్ల మీద దించబోయాడు.

"దించకండి సార్, అక్కడ బురద!"

ఉపన్యాసం సగంలోనే ముగిసింది. దీవిని స్వయంగా చూసి రమ్మని ఒక అధికారిని పంపిస్తామని ఒప్పుకున్నారు. ఆయన చూసి తలూపితే పడవ. అడ్డంగా ఊపితే లేదు.

ఇంతలో చలికాలం వచ్చింది. మా దీవిలో చలికాలం అంటే మంచు. ఆటు సమయంలో నది వెనక్కి పోతుంది, కనుచూపు మేరా బురద తేలుతుంది, దాని మీద తెల్లటి పొగమంచు కూర్చుంటుంది. ఆ మంచులో ఒక ఆడది బిడ్డను ఎత్తుకుని పోతూ కనిపించడం మొదలైంది. ఆ బిడ్డ ఏడవదు. కదలదు.

"పెత్ని! ముమ్మాటికీ ఆడదయ్యమే!" అన్నాడు టీకొట్టు బాదల్. "తాటిచెట్టంత పొడుగు!"

"పొడుగేమిటి కాకా, పొట్టిది. నేను చూశాగా! ఎర్ర చీర" అన్నాడు పీతలు పట్టే నిమాయి.

"నీ మొహం, తెల్ల చీర."

"మీ ఇద్దరి మొహాలూనూ. అది మన డాక్టర్ దీదీయేగా" అన్నాను.

"దీదీ అదే సమయానికి నా కొట్లో టీ తాగుతోంది మాస్టారూ! ఆమె చెయ్యి ఖాళీ. మరి బురదలో పోయిందెవరు?"

నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు ఇది విని కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్లిపోయారు. భయమనుకున్నాం.

నా సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు సాయం పడదామని ఖోకాని నేనే ఎత్తుకున్నాను. బురద మధ్యకి వచ్చేసరికి భుజం మీద ఏదో జరిగింది. చల్లటి తల ఒకటి మెల్లగా వచ్చి నా మెడ పక్కన ఆనుకుంది.

"ఇసుక జారింది దాదూ" అంది దీదీ.

"ఇసుక జారితే కిందికి జారాలి గానీ, మెడ వాసన చూస్తుందా?"

ఆ రోజు నేను పరుగెత్తిన పరుగు చూసి ఒడ్డున మొసలి ఒకటి పక్కకి తప్పుకుంది.

చివరికి అధికారి వచ్చాడు. పరితోష్ లాహిరిగారు. కొత్త బూట్లు. మధ్యాహ్నమే అయినా మంచు విడలేదు. ముందు దీదీ, ఆమె చంకలో ఖోకా, వెనక ఆయన, ఆయన వెనక నేను.

"దూరమేం లేదే" అంటున్నాడాయన. "ఇదిగో, పది నిమిషాల..." ఎడమ బూటు బురదలో ఉండిపోయింది.

అప్పుడు మంచులోంచి మూలుగు వినిపించింది. లాహిరిగారు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎవరు ముందు పట్టుకున్నారో ఇప్పటికీ తేలలేదు.

దయ్యం కాదు. మాలతీ మృధా. మొగుడు చేపలకి పోయాడు. మోకాలి లోతు బురదలో పడిపోయి, కొడుకుని మాత్రం తలకన్నా ఎత్తున పట్టుకుని ఉంది. పిల్లవాడికి ఊపిరి అందడం లేదు. ప్రతి శ్వాసకీ డొక్కలు లోపలికి పోతున్నాయి.

"ఇటివ్వమ్మా, నేను ఎత్తుకుంటా" అని లాహిరిగారు చేతులు చాచాడు.

"వద్దు బాబూ! ముట్టుకోవద్దు!"

"నువ్వు లేవలేకపోతున్నావు కదమ్మా!"

"చచ్చినా ఇవ్వను!"

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఈ బురదలో తల్లి ఒట్టి చేతులతో నడిస్తే, బిడ్డని తనకి ఇచ్చేసిందనుకుంటుంది నది. ఇచ్చింది తీసుకుంటుంది. చిన్నప్పుడు మా కాన్వెంటు బడి సిస్టర్లు ఇలాంటివి నమ్మొద్దని బెత్తంతో సహా నేర్పారు. అయినా నేను పసివాడిగా ఉన్నప్పుడు మా అమ్మ కూడా ఈ బురదలో నన్ను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

దీదీ వాదించలేదు. ఖోకా వీపు మీద ముడి ఒకటి లాగింది. ఇసుకంతా సరసరా బురదలోకి జారిపోయింది. తలలో దూది, ఒంటి గుడ్డ మిగిలాయి. దాన్ని తన శాలువాలో చుట్టి మాలతి చేతుల్లో పెట్టింది. అదే ఊపులో పిల్లవాణ్ణి అందుకుంది.

"చేతులు నిండుగానే ఉన్నాయిగా మాలతీ?"

"ఉన్నాయి దీదీ."

"అయితే లే."

మాలతి లేచింది. శాలువాలోని గుడ్డని గుండెకి హత్తుకుని, నది వైపు ఒకసారి దొంగచూపు చూసి, నడక మొదలుపెట్టింది. దీదీ పిల్లవాడి తల ఎత్తి పట్టి, చెవి వాడి ఛాతీకి ఆనించి, పడవ దాకా దాదాపు పరుగే.

ఒకడు పొడుగంటాడు, ఒకడు పొట్టంటాడు, ఒకడు ఎర్ర చీరంటాడు. కారణం అప్పుడు తెలిసింది. బిడ్డ మరొకరి చేతిలోనో ఆసుపత్రిలోనో ఉన్న తల్లి ఎవరైతే, ఆ రోజు ఖోకా ఆమె చేతుల్లో ఉండేవాడు.

"ఎన్నాళ్లుగా జరుగుతోందే ఇది?" అని పడవలో మాలతిని నిలదీశాను.

"ఉష్, మాస్టారూ!" అంది నీళ్ల వైపు కళ్లు తిప్పి. "మా ఆడవాళ్లందరికీ తెలుసు. మగాళ్లకి చెప్తే టీకొట్లో అరుస్తారు. నదికి వినబడుతుంది."

ఆసుపత్రిలో పిల్లవాడికి గాలి పెట్టారు, సూది వేశారు. చాలాసేపు లాహిరిగారు ఒంటి బూటుతో వరండాలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు, పాలు ఆలస్యమైతే ఏడ్చే రాక్షసపు ఏడుపు.

"నిజంగా నమ్ముతావా తల్లీ, నది తీసుకుపోతుందని?" అని దీదీని అడిగాను.

"నేను నమ్మను దాదూ. కానీ మోసేది నేను కాదుగా, వాళ్లమ్మ."

ఫాల్గుణం రాకముందే మా రేవులో పడవ కట్టారు. కానీ అది కట్టకముందే నాకు సంగతి తెలిసిపోయింది. ఆ సాయంత్రం దీదీ పిల్లవాడి దగ్గరే ఉండిపోయింది. మాలతి శాలువా మూటని లాహిరిగారి చేతుల్లో పెట్టి, "జాగ్రత్త బాబూ" అని మాత్రం అంది. తిరుగు పడవలో ఆయనా నేనూ. చుట్టూ మంచు, తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. కాస్త ధైర్యం వస్తుందేమోనని నేను గొంతు సవరించుకుని, "అయితే సార్, మా పడవ సంగతి..." అని గట్టిగా మొదలుపెట్టాను.

లాహిరిగారు ఒక చేత్తో మూట వీపు తడుతూనే, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"వస్తుంది లెండి. మెల్లగా మాట్లాడండి మాస్టారూ," అన్నాడు. "ఇప్పుడే పడుకున్నాడు."