కోర్ పడనివ్వలేదు

నాచారంలో మా కంపెనీ సర్వర్లు నా హయాంలో ఒక్క రోజు కూడా పడలేదని, ఉప్పల్‌లో నాతో పొద్దున్నే నడిచేవాళ్లందరికీ చెప్పాను. మీకూ అదే చెబుదామనుకున్నాను. కానీ ఆ గొప్ప కింద ఏళ్లుగా మోస్తున్న బరువొకటి ఉంది. దాన్ని దించాలంటే ముందు గొప్ప దించాలి. సర్వర్లు పడేవి. బాగానే పడేవి. లేపింది నేను కాదు, యాదగిరి.

ప్రోగ్రాం చచ్చిపోతే, ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నదంతా పెద్ద ఫైలుగా డిస్కు మీదికి వస్తుంది. మేం దాన్ని 'కోర్ పడింది' అనేవాళ్లం. కోర్ పడితే చాలు, ఆఫీసంతా యాదగిరి కుర్చీ వెనక చేరేది. శవాన్ని కోసి చూసినట్టు చూసి, ఎందుకు చచ్చిందో చెప్పేవాడు. అందరూ వాణ్ని డాక్టర్ అనేవారు. డిస్కు నిండకుండా పాత కోర్ ఫైళ్లు చెరిపేయడం నా పని. వాడు డాక్టరు, నేను కాటికాపరిని. వయసులోనూ సర్వీసులోనూ నేనే పెద్ద. అయినా నా టేబుల్ దగ్గరికి ఎవరైనా వచ్చారంటే స్టేప్లర్ కోసమే. అసూయ అని అప్పుడు అనుకోలేదు. పద్ధతి లేని ఆఫీసు మీద కోపం అనుకున్నాను. మనిషి తన కుళ్లుకు ఎన్ని మంచి పేర్లు పెట్టుకుంటాడు?

టీమ్ లీడ్‌గా వాడి పేరే అనుకుంటున్నారని తెలిసింది. అన్నం సయించలేదు. కస్టమర్లు యాదగిరి రాసిన ప్రోగ్రాం చూడటానికి వచ్చే ముందు, సర్వర్‌లో షెల్, అంటే మేం కమాండ్లు కొట్టే తెర, దాని సెట్టింగులు తెరిచి ఒక లైను రాశాను. కోర్ ఫైలు సైజు పరిమితి, సున్నా. ఇక ప్రోగ్రాం చావొచ్చు, శవం మాత్రం దొరకదు. ఎవరైనా అడిగితే డిస్కు నిండుతోందని చెప్పాలనుకున్నాను. ఆ సాకు నాకే ఎంతగానో నచ్చింది.

కస్టమర్ల ముందే ప్రోగ్రాం చచ్చింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ చచ్చింది. యాదగిరి కాసేపు ఏదో చూసుకుని నా వైపు తిరిగాడు.

"అన్నా, కోర్ పడుతలేదేంది? లిమిట్ గిట్ల పెట్టినవా?"

"నాకేం తెలుసయ్యా? నీ ప్రోగ్రాం, నీ చావు."

కొందరు నవ్వారు. అందరికంటే ముందు నేనే నవ్వాను. కస్టమర్లు అటు వెళ్లగానే ఆ లైను తీసేశాను. మర్నాడు కోర్ మామూలుగానే పడింది. దాంతో తప్పంతా వాడి అజాగ్రత్త కింద తేలింది. లీడ్ నేనయ్యాను. డాక్టర్ అని పిలవడం జనం మానేశారు. కొన్నాళ్లకు వాడు హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునే పనికి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను. ఆ తిండి నాకు ఈనాటికీ అరగలేదు.

మొన్న ఉప్పల్ మెట్రో మెట్ల కింద, టీ బండి దగ్గర కనిపించాడు. జుట్టంతా నెరిసింది. ఎందుకో ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. చెబుతుంటేనే గుండె తేలికపడింది. 'ఒక్క క్షణం కుళ్లుకున్నాను యాదగిరీ, ఒక్క లైను రాశాను, అంతే' అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్క లైన్ కాదన్నా, రెండు. మొదటిదొక్కటే ఉంటే నా షెల్‌ల ఆ లిమిట్ నేనే పెంచుకుంటుంటి. నేను పెంచకుండ రెండోదానితోని తాళమేసినవ్. నిన్ను అడగకముందే రెండూ సూసిన."