పెద్దమ్మ గొంతుకు తోడుగా పెద్దమ్మ గొంతే

మొన్న ఆదివారం మదీనాగూడలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, సంగీతం పనిలో స్థిరపడిన అక్క కొడుకు తన ల్యాప్‌టాప్‌లో ఏదో పాట సరిచేస్తూ, తెర మీది చిన్న గుండ్రటి మీటను కాస్త తిప్పి, "దీన్ని ప్యారలల్ కంప్రెషన్ అంటారు పిన్నీ, మామూలు గొంతూ, అణిచిపెట్టిన గొంతూ రెండూ కలిపి వినిపిస్తుంది" అన్నాడు. వాడు పుట్టకముందే వాళ్ల నాన్నా నేనూ ఆ పనిని, దానికొక పేరుందని కూడా తెలియకుండా, హఫీజ్‌పేట్‌లోని అద్దె ఇంట్లో చేసి చిన్నపిల్లల్లా గంతులేశామని వాడికేం తెలుసు!

తొంభైల చివరి మాట. కడప నుంచి వచ్చి అక్కా బావల దగ్గరే ఉంటూ, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేసేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా పని కనుక, ఆఫీసులో నన్ను చూస్తే నవ్వేవాళ్ల కంటే మొహం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. బావకు పాటల పిచ్చి. విడిభాగాలు కొని కట్టించిన కంప్యూటరు ఒకటి వెనకగదిలో పెట్టి, గోడలకు పాత దుప్పట్లు వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి కంప్యూటరు ఒక పాట తెరవమంటే గుర్రుగుర్రుమంటూ ఎంతసేపు ఆలోచించేదో. స్టేషన్ వైపు రైలు వచ్చిందంటే రికార్డింగ్ ఆపి అది పోయేదాకా కూర్చునేవాళ్లం.

ఇంటి ఓనరు తల్లిని మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్లోనే. ఆమె బతుకమ్మ పాటలు విన్న బావ, వాటిని క్యాసెట్‌గా తేవాలని పట్టుబట్టి, సుల్తాన్‌బజార్‌లోని ఒక క్యాసెట్ల వ్యాపారిని ఒప్పించాడు. డోలక్, డప్పు ఉంటేనే జనం కొంటారని ఆయన అంటే అవీ కలిపాం. అక్కడే వచ్చింది చిక్కు. అత్తగారింటి నుంచి వచ్చిన కూతురు తల్లితో మాట్లాడే చరణాల్లో పెద్దమ్మ గొంతు బాగా తగ్గించేది, పల్లవికి రాగానే గది అదిరేలా ఎత్తుకునేది. తగ్గించిన మాటలన్నీ డప్పు కింద పడి నలిగిపోయాయి.

వ్యాపారి విని తల అడ్డంగా ఊపాడు. "గొంతు మంచిగనే ఉంది సాబ్, మాటలే ఇనబడ్తలెవ్వు. వేరే ఆమెతోని పాడియ్యండి, పరేషాన్ ఎందుకు? ఆదివారం సాయంత్రం మళ్లొస్త" అని చెప్పి వెళ్లిపోయాడు. గడపలో నిలబడ్డ పెద్దమ్మ అంతా వింది. బావ మొహమాటపడుతూ, ఆ చరణాలు కొంచెం గట్టిగా పాడి చూడమంటే, "అమ్మతోని చెప్పుకునే ముచ్చట ఎవరన్న ఒర్లుకుంట చెప్తరా బిడ్డా?" అంది.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. కంప్రెసర్ అనే సాధనం ఒకటుంది. గొంతు పెరిగిన చోట అణిచి, తగ్గిన చోటుతో సమం చేస్తుంది. కొంచెం అణిస్తే ప్రయోజనం లేదు. బాగా అణిస్తే ప్రతి మాటా తెలిసింది కానీ, పల్లవిలోని ఊపంతా చచ్చి, ఎవరో వార్తలు చదువుతున్నట్టు తయారైంది. పెద్దమ్మను పిలిచి వినిపిస్తే మొహం చిట్లించింది. "ఇది నేను కాదు. నన్ను బస్తల ఏసి మూతి కట్టినట్టున్నది."

బావ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఇంగ నా వల్ల కాదు పాపా."

అప్పుడు తట్టింది నాకు. ఆఫీసులో అసలు ఫైలును మేమెప్పుడూ ముట్టుకోం. నకలు తీసి దాని మీదే ప్రయోగాలన్నీ చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. మరి ఇక్కడ రెండింట్లో ఒకటే ఎందుకుండాలి? అసలు గొంతును దాని మానాన వదిలేసి, నకలును మాత్రం బాగా అణిచి, కింద సన్నగా కలిపితే? బల్ల మీద చెయ్యి చరిచి అదే చెప్పాను. తీరా కలిపి వింటే, పెద్దమ్మ బిందెలో తల పెట్టి పాడినట్టు బోలుగా మోగింది! బావ నవ్వాడు, నేను నవ్వలేదు. తప్పు పట్టడం నా ఉద్యోగం కదా. పాట ఎత్తుకునే ముందు పెద్దమ్మ అలవాటుగా ఒక చప్పట కొట్టేది. తెర మీద ఆ చప్పటను వీలైనంత పెద్దది చేసి చూశాను. అసలు దానిలో ఒకచోట ఉంది, నకలులో వెంట్రుకవాసి వెనక ఉంది! కంప్రెసర్ గుండా వెళ్లివచ్చేసరికి నకలు ఆలస్యమవుతోంది, అంతే. దాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరిపి, చప్పట మీద చప్పట సరిగ్గా కూర్చోబెట్టాను. బోలుతనం మాయం!

ఇక నకలు శబ్దాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోయాం. ఒకచోట కూతురి మాటలు డప్పు సందుల్లోంచి ఒక్కొక్కటే పైకి తేలాయి. పల్లవి అలాగే గది అదరగొట్టింది. నకలు ఉన్నట్టు తెలియదు, తీసేస్తే మాత్రం పాట ఒక్కసారి చిక్కిపోతుంది. "అక్కా!" అని నేను పెట్టిన కేకకు అక్క పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. బావ నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. పెద్దమ్మ మాత్రం స్పీకరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఇగో, ఇప్పుడు నేనే" అంది.

సాయంత్రం వ్యాపారి రెండుసార్లు వేయించుకుని విన్నాడు. "ఏం జేసిన్రో గాని, అమ్మనే ఉండనియ్యండి" అని టేపు తీసుకుని వెళ్లాడు. ఆయన స్కూటరు సందు మలుపు తిరిగిందో లేదో, పెద్దమ్మ వెళ్లి వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలుచుకొచ్చింది. గది చాలక వరండాలో, మెట్ల మీద కూర్చున్నారు. బావ గర్వంగా పాట వేశాడు. రెండో చరణానికే వాళ్లు ఆగలేకపోయారు, ఒకరి వెంట ఒకరు గొంతు కలిపి, లేచి చప్పట్లు కొడుతూ పాడేశారు. పొద్దుటి నుంచి మేం అంత తంటాలు పడి పైకి తేల్చిన మాటల్లో ఒక్కటి వినిపిస్తే ఒట్టు! బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. మెట్రోలో కూర్చుని నేనూ అందరిలాగే ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని పాటలు వింటాను. ఎంత బాగా వినిపిస్తాయి! పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. వినేవాళ్లమే, ఎందుకో, గొంతు కలపడం మానేశాం.