డెడ్ గడిలో పడిన జీలుగలు

1998 మే నెల. మచిలీపట్నంలోని ఒక విత్తన పరీక్ష ల్యాబ్‌లో అనలిస్టుగా చేరి అప్పటికి నాకు ఐదు నెలలు. రెండు గదులు, ఒక వరండా, ఒక జెర్మినేటర్. జెర్మినేటర్ అంటే లోపల వేడి, తేమ ఒకే తీరులో ఉండే బీరువాలాంటి పెట్టె. తడి కాగితాల మధ్య గింజలు లెక్కపెట్టి పరిచి, చాపలా చుట్టి అందులో నిలబెడతాం. గుడివాడ, ముదినేపల్లి వైపు నుంచి వచ్చే వరి నమూనాలే ఎక్కువగా నా చేతికి వచ్చేవి. రోజంతా ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు కాబట్టి ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

ఆ నెలలో దివిసీమ నుంచి జీలుగ నమూనా ఒకటి వచ్చింది. జీలుగను పచ్చిరొట్ట కోసం వేస్తారు. ఏపుగా పెరిగాక పూత సమయంలో పొలంలోనే కలియదున్నేస్తారు. ఉప్పెక్కిన చౌడు నేలలో ఆ తర్వాత వేసే వరి నిలబడాలంటే అది కావాలి. హంసలదీవి దగ్గర ఒక పల్లెలో నాంచారమ్మగారనే రైతు, ఇంకో నలుగురు కలిసి పండించిన విత్తనం అది. మా పరీక్షలో పాసైతేనే ఆ లాట్, అంటే ఆ పంట సంచులన్నీ, చుట్టుపక్కల చౌడు పొలాలకు వెళ్తాయి. లేదంటే ఆ ఏడాది వాళ్లకు జీలుగ లేనట్టే. తొలకరికి నెల రోజులు కూడా లేదు.

ఏడో రోజు ఫైనల్ కౌంట్. చుట్టలు విప్పి చూస్తే సగం కూడా మొలవలేదు. మిగిలినవి మొదటి రోజు ఎలా పెట్టానో అలాగే ఉన్నాయి. ఉబ్బలేదు, బూజు పట్టలేదు. ఫోర్సెప్స్‌తో నొక్కితే జారి అవతల పడ్డాయి. మా ఫారంలో మొలవని గింజలకు వేరువేరు గడులున్నాయి. వాటిలో ఒకటి 'హార్డ్ సీడ్', మరొకటి 'డెడ్'. వరి నమూనాలకు హార్డ్ సీడ్ గడిలో ఎప్పుడూ గీత పెట్టి వదిలేసేదాన్ని.

అనుమానం వచ్చింది. అడుగుదామని ఆఫీసర్ గారి గది గుమ్మం దాకా వెళ్లాను. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు. వెనక్కి వచ్చి, మొలవనివన్నీ డెడ్ గడిలో రాసేశాను. లాట్ ఫెయిలయింది.

నాలుగు రోజులకు నాంచారమ్మగారు బస్సెక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి.

"మా జీలుగలు చచ్చిపోయినయ్యని రాసింది మీరేనా, అమ్మాయిగారూ?"

"అవునండి."

"దేంతో చంపారు?"

వరండాలో అటెండర్ నవ్వాడు. ఆవిడ కొంగు ముడి విప్పి గుప్పెడు గింజలు నా బల్ల మీద పోశారు.

"ఇయ్యి ఆ సంచుల్లోయే. కొరికి చూడండి, పన్ను పోద్ది. చచ్చిన గింజ ఇంత గట్టిగా ఉంటుందా?"

ఆ మాటలకు ఆఫీసర్ గారు గదిలోంచి వచ్చారు. నా ఫారం తెప్పించుకుని చూశారు.

"ఇవి ఉబ్బాయా?"

"లేదు సార్."

"బూజు?"

"లేదు సార్."

"మరి హార్డ్ సీడ్ గడి ఎవరి కోసం అచ్చు వేయించారమ్మా?"

"అడుగుదామని వచ్చాను సార్. మీ గదిలో ఎవరో ఉంటే..."

"నా గదిలో రోజూ ఎవరో ఒకరు ఉంటారు" అన్నారాయన.

ఈలోగా నాంచారమ్మగారు వాకిట్లో గోనెపట్టా పరిచారు. సగం గింజల్లో రెండు గుప్పెళ్ల ఇసుక కలిపి, అరచేత్తో గట్టిగా రుద్దారు. "నీళ్లల్లో పడేయండి. పొద్దున్నే వస్తా" అని చిలకలపూడిలో ఉన్న చెల్లెలింటికి వెళ్లారు. రుద్దినవి ఒక గిన్నెలో, రుద్దనివి ఒక గిన్నెలో నానబెట్టాను. మర్నాడు చూస్తే రుద్దినవి ఉబ్బి రెట్టింపయ్యాయి. రుద్దనివి అడుగున గులకరాళ్లలా ఉన్నాయి.

విత్తనం పైపొరను సీడ్ కోట్ అంటాం. మినుములు నానబెడితే విడివడే పొట్టు అదే. జీలుగలో ఆ పొర నీటిని లోపలికి రానివ్వదు. ఇసుక గీతలు పడితే నీళ్లు చేరతాయి, మొలక లేస్తుంది. హార్డ్ సీడ్ అంటే బతికున్నా నీళ్లందని గింజ. అందుకే నిబంధనల్లో దాన్ని మొలకెత్తిన వాటితో కలిపే లెక్కిస్తారు.

ప్రతి నమూనాలో కొంత విడిగా సీలు వేసి దాచి ఉంచుతాం. దాన్ని గార్డ్ శాంపిల్ అంటారు. ఆ జీలుగ గార్డ్ శాంపిల్‌తో ఆఫీసర్ గారు నా చేతే మళ్లీ పరీక్ష చేయించారు. ఈసారి ఏ గింజ ఏ గడిలోకో దగ్గర నిలబడి చూశారు. లాట్ పాసైంది.

కాగితం తీసుకోవడానికి వచ్చినప్పుడు నాంచారమ్మగారితో నేనే మాట కలిపాను. "సంచులన్నీ ఇసుకతో రుద్దించి పంచితే మంచిది కదండీ? అన్నీ ఒకేసారి లేస్తాయి."

"అన్నీ వద్దమ్మా. మేం సగమే రుద్దుతాం."

"మిగతా సగం?"

"అన్నీ ఒక్క వానకే లేచి, ఆ వాన మళ్లీ మొహం చూపించకపోతే? కింద ఉప్పు, పైన ఎండ. లేచిందల్లా మాడిపోద్ది. రుద్దని గింజ తొందరపడదు."

నేను పుస్తకాల్లో సీడ్ కోట్ గురించి చదివాను. లోపలి మొలకను దెబ్బ తగలకుండా, ఎండిపోకుండా కాపాడుతుందని పరీక్షల్లో రాశాను. పొలంలో దానికి ఇంకో పని ఉంటుందని ఆ రోజు తెలిసి, ఆవిడ మాటలు డైరీలో రాసుకున్నాను.

మరుసటి ఏడాది వేసవిలో ఆవిడ మళ్లీ నమూనా తెచ్చారు. పొలాలు ఎలా ఉన్నాయని అడిగాను.

"తొలి వానకు లేచింది చాలావరకు మాడిపోయిందమ్మా. పది రోజులకు మళ్లీ పడింది. అప్పుడు లేచింది మీరు చంపిన సగం" అన్నారు. ఈసారి నేనూ నవ్వాను.

ఇప్పుడు ఏ నమూనాలోనైనా చివరి రోజున ఉబ్బని గింజ కనిపిస్తే, సూదితో పైపొర మీద చిన్న గాటు పెట్టి మళ్లీ తడి కాగితంలో ఉంచుతాను. డెడ్ గడి దగ్గరికి ఆ తర్వాతే వెళ్తాను. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆఫీసర్ గారిని అడుగుతాను. లోపల ఎవరైనా ఉంటే కాసేపు గుమ్మంలో నిలబడతాను, వెనక్కి మాత్రం రాను.