లేని డిస్కు, తెగిన లింకులు

మా ఇంట్లో రాయి చేతికి రానివాణ్ణి నేనొక్కణ్ణే. ఆళ్లగడ్డలో హైవే పక్కన రేకుల కింద మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. అంతకుముందు తాత చెక్కాడు, తర్వాత మా అన్న చెక్కాడు. నాకు మాత్రం రాతిపొడి ముక్కుకు తగిలితే చాలు, వరసపెట్టి తుమ్ములు. ఒక చేత ఉలి, ఒక చేత సుత్తి పట్టుకుని తుమ్మేవాడి దగ్గర దేవుడికైనా రక్షణ ఉండదు. ఒకరోజు నా తుమ్ముకు ఆంజనేయస్వామి తోక కొస లేచిపోయింది. నాయన మూడు రోజులు కూర్చుని ఆ తోకను పొట్టిగా మలిచి, "ఇది చిన్ననాటి స్వామి" అని ఊరివాళ్లకు అప్పగించాడు. వాళ్లు మహా సంతోషంగా తీసుకెళ్లారు.

ఆ సాయంత్రమే నాకు తీర్పు వచ్చింది.

"రేయ్, నీకు రాయి పడదు. తుమ్ము రాని పని ఏదన్నా సూసుకో."

తొంభైల నడిమి రోజులవి. నంద్యాలలో కంప్యూటర్ నేర్పే సంస్థలు వీధికొకటి లేస్తున్నాయి. నాయన నాతోపాటు బస్సులో వచ్చి, ఒకచోట గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. చెప్పులు బయట వదిలి లోపలికి పోవాలని, దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని అక్కడున్న పిల్ల చెప్పింది. నాయనకు ఆ మాట తెగ నచ్చింది. "గుడి మాదిరి ఉండాది. ఈడ చేరు" అన్నాడు. నా చదువు ఆ విధంగా ఖాయమైంది.

తర్వాత డిగ్రీ అయింది. రెండువేల సంవత్సరం దాటాక నంద్యాలలోనే ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు నాకు అప్పజెప్పారు. మంచి కంప్యూటర్లు ఆరు, వాటి మీద పడే పిల్లలు అరవై మంది. పొద్దున నేను సరిచేసిన మిషన్ మధ్యాహ్నానికి మళ్లీ మూలపడేది. ఏం చేద్దామా అని వెతుకుతుంటే వర్చువల్ మెషిన్ అనేది ఒకటి దొరికింది. కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడుస్తుంది. పిల్లలు దాన్ని ఎంత ధ్వంసం చేసినా అసలు మిషన్‌కు ఏమీ కాదు. పాడైన దాన్ని తీసి, దాచిపెట్టిన మంచి కాపీని దాని స్థానంలో పెడితే సరి.

ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌కు ఉత్తుత్తి డిస్కు కూడా ఉంటుంది. నిజానికి అది ఒక పెద్ద ఫైలు. దాన్ని పెంచడానికి, తగ్గించడానికి, కాపీ తీయడానికి విదేశంలో ఒక చిన్న కంపెనీవాళ్లు టూల్ చేసి, దాన్ని వాడే పద్ధతి చెప్పే పుస్తకం నెట్‌లో పెట్టారు. నాకు డిస్కు పెంచాల్సిన పని పడింది. పుస్తకం తెరిచాను. "వివరాలకు ఇక్కడ నొక్కండి" అని ఉంది. నొక్కితే పేజీ లేదన్నది. పక్క లింకు నొక్కితే అదీ లేదన్నది. ఏడు లింకులు నొక్కి, ఏడూ లేకపోయేసరికి నాకు మా రాయలసీమ కోపం వచ్చి, ఆ ఏడింటి జాబితాతో ఒక మెయిల్ పెట్టాను. "దారి చూపించలేకపోతే బోర్డెందుకు పెట్టినారు?" అని ఇంగ్లీషులో ఎంత మర్యాదగా అడగవచ్చో అంత మర్యాదగా అడిగాను.

వారానికి జవాబు వచ్చింది. ఆ పుస్తకం బాధ్యత చూసే మేడమ్ రాసింది. కోపపడలేదు. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో మాకే తెలియదు, నెలనెలా అన్నీ చూసి సరిచేస్తారా, జీతమిస్తాం అని అడిగింది. తిట్టినందుకు ఉద్యోగం దొరికినవాణ్ణి నంద్యాల మొత్తం మీద నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆదివారం ఆళ్లగడ్డ పోయి నాయనకు చెప్పాను. ఆయన ఒక అమ్మవారి మోకాలు నునుపు చేస్తున్నాడు. నేను తుమ్ములు రాకుండా తువ్వాలు ముక్కుకు కట్టుకుని దూరంగా కూర్చున్నాను.

"ఏం పనిరా అది?"

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు చూపిస్తారు నాయనా."

"ఉన్నట్టు అంటే? ఉండాదా, లేదా?"

"లేదు. ఉన్నట్టు పనిచేస్తాది."

"సరే."

"దానికో డిస్కు ఉంటాది."

"అదన్నా ఉండాదా?"

"అదీ లేదు. దాన్ని ఎట్ల వాడాల్నో చెప్పే పుస్తకం ఒకటుంది."

"పుస్తకం యాడుండాది?"

"కాగితం మీద లేదు. నెట్లో ఉంటాది. ఫలానా సంగతి ఫలానా పేజీలో చూడు అని దాంట్లో లింకులుంటాయి. ఒక్కోసారి ఆ పేజీలు మాయమవుతాంటాయి. ఏవి లేవో నేను చూసి సరిచేయాల."

నాయన ఉలి కింద పెట్టాడు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "లేని కంప్యూటర్లో, లేని డిస్కుకు, లేని పుస్తకంలో, లేని పేజీలు ఏవో సూసి చెప్పేది నీ పని."

"ఆఁ."

"జీతమన్నా ఉండాదా?"

"ఉండాది."

"అయితే చెయ్యి" అని మళ్లీ మోకాలి మీదికి వంగాడు.

కాలేజీలో ఇంటర్నెట్ ఒక్క ప్రిన్సిపాల్ గదిలోనే, అదీ ఆయన ఫోను లైను మీదే. ఆ ఫోనుకు తాళం, తాళంచెవి ఆయన జేబులో. అందుకని నేను పొద్దున కాలేజీకి ముందు ఒక గంట, బస్టాండు దగ్గరున్న నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. యాభై దాటిన మనిషి, నిండైన పొట్ట, తెల్లటి గడ్డం. అంతకుముందు అక్కడే ఎస్టీడీ బూతు నడిపేవాడు. మంచి పేరు పోతుందని క్యాబిన్ల కర్టెన్లన్నీ పీకేసి, గోడ మీద పెద్ద అక్షరాలతో "ఇచ్చట చెడు బొమ్మలు చూడరాదు" అని రాయించాడు. ఎవరి స్క్రీన్ మీద ఏముందో తన కుర్చీలోంచే కనిపించేలా మిషన్లన్నీ తిప్పి పెట్టించాడు.

మొదటి రెండు నెలలు లింకులు ఒక్కొక్కటిగా నొక్కాను. వెయ్యికి పైగా ఉన్నాయి. చేయి నొప్పి. మూడో నెలలో బుద్ధి పెరిగి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. అది ప్రతి లింకు తలుపూ తట్టి వస్తుంది. లోపల్నుంచి ఎవరో ఒకరు పలికితే పచ్చ చుక్క, పలక్కపోతే ఎర్ర చుక్క. గంట పని పది నిమిషాల్లో అయిపోయేది. మిగతా సమయం ఎదురు హోటల్లో ఉగ్గాని బజ్జీ తింటూ గడిపేవాణ్ణి. నాలుగు నెలలు వరసగా "అన్నీ పచ్చగా ఉన్నాయి" అని రిపోర్టు పంపాను. మేడమ్ మెచ్చుకుంటూ జవాబులు రాసింది. నా అంత తెలివిగలవాడు లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఏడో నెలలో మేడమ్ ఒక ఫిర్యాదును నాకు పంపింది. ఎవరో వాడకందారు రాశాడు. "నా డిస్కు మరీ పెద్దదైందని, తగ్గించే పద్ధతి కోసం మీ లింకు నొక్కాను. ముప్పై రోజుల్లో పొట్ట తగ్గిస్తామంటున్నారు. నాకు పొట్ట ఉన్న మాట నిజమే. మీకెలా తెలిసింది?" దాని కింద మేడమ్ ఒకే ఒక వాక్యం రాసింది: "ఇది పచ్చ చుక్కేనా?"

పచ్చ చుక్కే. డిస్కు తగ్గించడం గురించి రాసిన ఆ పాత వెబ్‌సైటువాళ్లు సైటు పేరుకు ఏటా కట్టాల్సిన అద్దె కట్టక వదిలేస్తే, సన్నబడే మాత్రలు అమ్మేవాళ్లు దాన్ని పట్టుకున్నారు. నా ప్రోగ్రామ్ తలుపు తట్టింది, లోపల్నుంచి మాత్రలవాడు పలికాడు. పలికాడు కదా అని నా ప్రోగ్రామ్ తిరిగొచ్చేసింది. లోపలున్నది ఎవరని అది అడగదు. అడగాల్సిన నేను బజ్జీలు తింటున్నాను. ఆ రోజు సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. క్షమించమని రాసి, అన్ని లింకులూ మళ్లీ కళ్లతో చూస్తానని మాటిచ్చాను.

కళ్లతో చూడటంలో చిక్కేమిటో మర్నాడు తెలిసింది. ముందుగా ఆ మాత్రల పేజీనే తెరిచాను. స్క్రీన్ నిండా ఒక అమ్మాయి. ఒంటి మీద బట్టలు చేతిరుమాలంత. పక్కన "ముందు", "తరువాత" అని రెండు పొట్టలు. మూయబోతే ఇంకోటి తెరుచుకుంది, దాన్ని మూస్తే రెండు. నేను మౌస్‌తో కుస్తీ పడుతుండగా వెనక దగ్గు వినిపించింది.

"క్యా సార్" అన్నాడు భాయ్. గొంతులో కోపం కాదు, బాధ. "పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు. పొద్దుపొద్దున్నే ఇదేంది?"

"భాయ్, ఇది నా పని."

"ఇదా మీ పని?"

నాలుక కరుచుకుని మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. లేని కంప్యూటర్, లేని డిస్కు, లింకు, అద్దె, మాత్రలవాడు. భాయ్ అంతా విన్నాడు. గోడ మీది బోర్డు వైపు ఒకసారి, స్క్రీన్ వైపు ఒకసారి చూశాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఈ తరువాత అనే పొట్ట నిజమేనా సార్?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి భాయ్ నాకు సాక్షి. నేను లింకులు తెరుస్తుంటే, ఎవరైనా తలతిప్పి చూస్తే, "సార్ డ్యూటీ మీద ఉండాడు" అని ఆయనే సర్దిచెప్పేవాడు. అట్లా మూడు వారాల్లో ఇంకో ఆరు దొంగ పచ్చచుక్కలు దొరికాయి. డిస్కు కాపీ తీసే లింకు ఒక పేకాట సైటులోకి, భద్రతకు సంబంధించిన లింకు కుక్కపిల్లల అమ్మకంలోకి పోతున్నాయి.

ఆ రోజుల్లోనే నంద్యాల దగ్గరి ఒక పల్లెకు విగ్రహం అప్పగించి, తిరుగు లారీ కోసం ఆగిన నాయన పొద్దున్నే నెట్ సెంటర్‌కు వచ్చాడు. భాయ్ టీ తెప్పించి, తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టాడు. నా పని నాయన కళ్లారా చూడటం అదే మొదటిసారి.

"ఏదీ, ఈ పేజీలో ఏం చెప్తాండారు? సదువు."

డిస్కు తగ్గించే పేజీ అది. మాత్రల లింకు తీసేసి మంచి లింకు పెట్టిన తర్వాత సరిచూస్తున్నాను. తెలుగులో చెప్పాను. "ముందు మిషన్ ఆపాల. తర్వాత ఈ ఆజ్ఞ ఇయ్యాల. డిస్కు చిన్నదైతాది."

"కింద ఇంకేందో ఉండాదే?"

"గమనిక. తగ్గించేముందు కాపీ తీసుకోవాల, మధ్యలో కరెంటు పోతే ఉన్నదంతా పోతాది. కాపీ ఎట్ల తీయాల్నో ఈ లింకులో చూడండి అని."

నాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ మాట కింద పెట్టినారేందిరా?"

"యాడో ఒకచోట ఉంది కదా నాయనా. లింకు కూడా బాగుండాది. నేనిప్పుడే చూసినా."

"ఉలి మీద దెబ్బ కొట్టినాక జాగ్రత్త అని చెప్తే, ఎగిరిపోయిన దేవుడి చెవి యాడ అతికిస్తావ్? పై నుంచి సదువుకుంటా వచ్చేవాడు ఆజ్ఞ కాడికొస్తే ఇచ్చేస్తాడు గానీ, కిందికి పోయి సూస్తాడా?"

భాయ్ తలూపాడు. "సహీ బాత్. నేను కూడా మందు సీసా మీద రాసింది తాగినాకే చదువుతా."

ఆ పేజీని నేను ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. లింకు తెరుచుకుంటుందా లేదా అనే చూశాను తప్ప, అది ఉన్నచోటు ఎప్పుడూ చూడలేదు. నాయనకు ఇంగ్లీషులో సంతకం కూడా రాదు.

ఆయన లారీ ఎక్కాక మేడమ్‌కు రాశాను. ఇది నా పని కాకపోవచ్చు, కానీ హెచ్చరిక ఆజ్ఞకు పైన ఉండాలని మా నాన్న అంటున్నాడు, ఆయన రాళ్లు చెక్కుతాడు అని ఉన్నదున్నట్టు రాశాను. పంపాక ఆ మెయిల్ మళ్లీ చదువుకున్నాను. రాళ్ల సంగతి రాయకుండా ఉండాల్సింది అనుకున్నాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. డిస్కు పోగొట్టుకుని ఏడుస్తూ రాసిన పాత ఉత్తరాలన్నీ మేడమ్ బయటికి తీయించి చూసిందట. సగానికి పైగా జనం ఆజ్ఞ ఇచ్చేశాకే గమనిక చదివినవాళ్లు. ఆ పేజీలో, అలాంటివే ఇంకో పదకొండు పేజీల్లో హెచ్చరికను పైకి జరిపించింది. పుస్తకం చివర సాయం చేసినవాళ్ల జాబితాలో మీ నాన్నగారి పేరు వేస్తాం, పంపండి అని అడిగింది.

నాయన ఒప్పుకోలేదు. "మేం చెక్కిన దేవుడి మీదనే పేరు ఏసుకోం. వద్దని రాయి."

రాశాను. మేడమ్ పట్టు వదల్లేదు. పేరు లేకుండా "ఒక శిల్పి, ఆళ్లగడ్డ" అని వేసింది. నాయనకు ఆ సంగతి చెప్పాను. "ఊరు పేరు సరిగ్గా రాసినారా?" అని అడిగాడు.

నేను చూసుకోలేదు. వెళ్లి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు రెండు ఎగిరిపోయి, చదివితే "అలగడ" అని వస్తోంది. సరిచేయమని రాశాను. ఆ జాబితా మాత్రం మూణ్ణెల్ల తర్వాత పుస్తకం కొత్త కూర్పు వచ్చేదాకా మార్చడం కుదరదన్నారు. ఆ మూణ్ణెల్లూ నాయన ప్రతి ఆదివారం ఫోన్ చేశాడు. నా ఆరోగ్యం అడగలేదు, ఉద్యోగం అడగలేదు.

"ఊరు ఇంకా అట్లనే ఉండాదా?"

"ఇంకా అట్లనే ఉండాది నాయనా."

"చెప్పు వాళ్లకు" అని పెట్టేసేవాడు.